అతుకు పెట్టిన తుపాకి

కసిల్దా తన తండ్రి హినేస్ కుడి చెంప గీసి, కత్తిని గిన్నెలో నీళ్ళలో జాడించి, ఎడమ చెంప వైపు తిరిగేసరికి వీధిలో కారు ఆగింది. నురగ మొహంతోనే హినేస్ మెడ తిప్పబోయాడు.

"కదలకు నాన్నా. తెగుద్ది."

"ఎవరో చూడు."

"చూస్తాలే. ముందు నీ చెవి దక్కనీ."

అతని ఎడమచేతి రెండు వేళ్ళు వంగవు. చర్మం లాగి పట్టుకుంటే తప్ప కత్తి ఆడదు కాబట్టి, అమ్మ పోయినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఈ పని కసిల్దాదే. టమాటాల షెడ్డులో పనికి వెళ్ళేముందు గడ్డం గీసి, కాఫీ పెట్టి, రొట్టె మీద నూనె వేసి ఇచ్చి వెళుతుంది.

గుమ్మానికి వేలాడే పూసల తెర గలగలలాడింది. సన్నగా, పొడుగ్గా ఉన్న అరవై ఏళ్ళ మనిషి, చేతిలో తోలు సంచీ, తల లోపలికి పెట్టాడు.

"క్షమించాలి. రైఫిల్ హినేస్ గారి ఇల్లు ఇదేనా?"

కసిల్దా చేతిలో కత్తి గాలిలోనే ఆగిపోయింది. ఊళ్ళో అందరూ తండ్రిని వెనకాల అలాగే అంటారు. గుమ్మంలో నిలబడి మొహం మీద అన్నవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

"ఆ పేరు మీకెవరు చెప్పారు?" అంది.

"బార్లో అడిగాను. హినేస్ అంటే ఏ హినేస్ అన్నారు. పాత కౌబాయ్ సినిమాలకి వడ్రంగం చేసిన ఆయన అంటే, ఓహో రైఫిల్ హినేసా అని ఒకటే నవ్వు. ఆయన రైఫిళ్ళు చేసేవారేమో అనుకున్నాను." కూతురి మొహం చూసి, తర్వాత తండ్రి మొహం చూసి, అతను గొంతు తగ్గించాడు. "ఏమైనా తప్పుగా అన్నానా?"

"కూర్చోండి," అన్నాడు హినేస్, నురగలోంచి. "అమ్మాయి రెండో చెంప కూడా గీస్తే మనిషిలా మాట్లాడతాను."

వచ్చినాయన పేరు ఒల్మెదో. మాడ్రిడ్‌లో కళ్ళజోళ్ళ దుకాణం నడిపి, కొడుక్కి అప్పగించేశాడట. ఇప్పుడు పాత సినిమాల్లో ఏ సీన్లో ఏ తుపాకి వాడారో కనిపెట్టడమే పని. ఏది నిజమైనది, ఏది నకలు, ఏది రబ్బరు, ఏది కొయ్య. ఈ ఊరి వాగులో తీసిన ఒక సినిమా మీద పుస్తకం రాస్తున్నాడట. సంచీలోంచి రంగు బొమ్మల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. సినిమా రీలులోంచి ఒక్కొక్క క్షణాన్ని పట్టి పెద్దవి చేయించిన ఫోటోలు అవి.

కాఫీ పోస్తూ కసిల్దా అతని చేతులు చూసింది. మెత్తటి చేతులు, శుభ్రమైన గోళ్ళు. తుపాకుల బొమ్మలు చూసుకోవడానికి మాడ్రిడ్ నుంచి ఇంత దూరం వచ్చే మనిషి ఉంటాడా? ఈ దుమ్ములోకి?

"ఇంట్లో పాత సామానేదీ లేదండీ, అమ్మేందుకు," అంది.

"అయ్యో, కొనడానికి రాలేదమ్మా."

"అందరూ అలాగే అంటారు. పోయినేడాది ఒకాయన మా ఎదురింటి వాళ్ళ జీను చూసి వెళతానని వచ్చి, కారులో పెట్టుకుని వెళ్ళాడు."

హినేస్ నవ్వాడు. ఒల్మెదో కూడా నవ్వాడు గాని, అతని చూపు మాత్రం పెరటి తలుపు వైపు పోయింది. కోళ్ళ గూటి తలుపుకి అడ్డంగా పెట్టిన పొడుగాటి కొయ్య ముక్క మీద నిలిచింది. లేచి, అడగకుండానే పెరట్లోకి నడిచాడు. కసిల్దా కాఫీ గిన్నె దించకుండానే వెనకే వెళ్ళింది.

అది తుపాకి ఆకారంలో చెక్కిన కొయ్య. నల్లరంగు చాలావరకు రాలిపోయింది. గొట్టం చివర కోళ్ళు పొడిచిన గాట్లు.

"ఇది మీరు చేసిందా?" ఒల్మెదో గొంతు మారిపోయింది. రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు, అప్పుడే పుట్టిన బిడ్డని ఎత్తినట్టు.

"దూరంగా గుర్రాల మీద పోయేవాళ్ళకి ఇవే," అన్నాడు హినేస్, గుమ్మంలో నిలబడి. "దగ్గరగా కనిపించేవాళ్ళకే నిజమైనవి. ఇలాంటివి బోలెడు చెక్కాను. చలికాలంలో పొయ్యిలో పెట్టుకున్నాం. ఇదొక్కటే మిగిలింది, కోళ్ళ పుణ్యమా అని."

ఒల్మెదో ఫోటోలు తీసుకున్నాడు. కొలిచాడు. మళ్ళీ జాగ్రత్తగా గూటికి అడ్డం పెట్టాడు. దాన్ని అడుగుతాడనుకుంది కసిల్దా. అడగలేదు. అడగకపోవడమే ఆమెకి ఇంకా అనుమానంగా ఉంది. అంతకంటే పెద్దదేదో అడగడానికి వచ్చినవాడే చిన్నది వదిలేస్తాడు.

కారు ఎక్కబోతూ అడగనే అడిగాడు. "బార్లో ఇంకో మాట కూడా అన్నారు. ఆ సినిమా తీసేటప్పుడు ఒక రైఫిల్ పోయిందని..."

"దొరికింది," అన్నాడు హినేస్.

"ఎవరు తెచ్చిపెట్టారు?"

"నాకేం తెలుసు? నేను ఠాణాలో ఉన్నాను."

"ఎల్లుండి ఇంకొన్ని బొమ్మలు తెస్తాను. మీరు చూసి చెబితే బాగుంటుంది."

కారు మలుపు తిరిగేదాకా హినేస్ గుమ్మంలోనే నిలబడ్డాడు. వంగని వేళ్ళని రెండో చేత్తో రుద్దుకుంటున్నాడు. చలి లేదు.

*

మర్నాడు రొట్టెల బండి దగ్గర త్రినీ పిన్ని కనిపించింది. కసిల్దా తల్లి ఆంపారోకి చెల్లెలు. రెండు వీధుల అవతలే ఉంటుంది గాని హినేస్ ఇంటి గుమ్మం తొక్కదు. అక్క శవాన్ని ఎత్తిన రోజు కూడా వీధిలోనే నిలబడింది. ఎందుకని అడిగితే "మీ నాన్న మొహం నాకు పడదు" అనేది, అంతే.

"మీ ఇంటికి కారులో ఎవరో వచ్చాడట కదే?" అంది, రొట్టెని చంకలో పెట్టుకుంటూ.

"ఊరికి నిద్ర పట్టలేదా ఏంటి, మా ఇంటి సంగతి తెలీక?"

"వెటకారం మానవే. దేనికొచ్చాడు?"

"సినిమా తుపాకుల గురించి పుస్తకం రాస్తాడట."

త్రినీ పిన్ని ఆమె మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగింది. నలుగురు ఆడవాళ్ళు బండి దగ్గరే ఉన్నారు. వాళ్ళ మాటలు ఒక్కసారిగా తగ్గాయి.

"రైఫిల్ సంగతి ఎత్తనియ్యకు. వింటున్నావా? ఎత్తితే కాఫీ లేదు, బయటికి నడవమను."

"ఎందుకు? నాన్న తియ్యలేదుగా. తీస్తే వేళ్ళు విరగ్గొట్టేదాకా ఊరుకుంటాడా, చెప్పకుండా?"

"మీ నాన్న తీశాడని నేనన్నానా?"

కసిల్దా ఆవిడ మొహంలోకి చూసింది. పిన్ని చూపు తప్పించింది. రొట్టె అంచు గిల్లి నోట్లో వేసుకుని, నమలకుండానే చెప్పింది.

"మీ అమ్మ అప్పట్లో వేషాలవాళ్ళ బట్టలు ఉతికేది. పొద్దున మూట తెచ్చుకోవడం, సాయంత్రం మూట ఇచ్చిరావడం. రైఫిల్ కనబడకుండా పోయిన రోజు అక్క షూటింగ్ దగ్గరికి వెళ్ళింది. మీ నాన్నని పట్టుకుపోయాక, మూడోనాడు పొద్దుగూకే వేళ ఇంకో మూట ఎత్తుకుని వెళ్ళింది. తెల్లారి చూస్తే రైఫిల్ సినిమావాళ్ళ తుపాకుల గూట్లోనే ఉంది. ఠాణా గార్డులు మీ నాన్నని వదిలేశారు. ఇంట్లోవాళ్ళే భయపడి తెచ్చిపెట్టారని ఊరంతా అనుకుంది."

"అయితే?"

"అయితే ఏముంది. మీ నాన్న ఇంటికొచ్చి అక్కని ఒక్కమాట అడిగాడు. మూటలో ఏముంది అని. చొక్కాలు అంది అక్క. నేనక్కడే ఉన్నాను, మీ నాన్న చేతికి గుడ్డ చుడుతూ. సరే అన్నాడు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కాని ఆ రాత్రే అల్మారా తాళంచెవి ఆయన జేబులోకి పోయింది."

కసిల్దాకి ఆ తాళంచెవి తెలుసు. ఒక దుప్పటి కావాలన్నా అమ్మ మొగుణ్ణి అడిగి తీసుకునేది. అడిగేటప్పుడు గౌనుకి చేతులు తుడుచుకునేది, తడి లేకపోయినా. నాన్న పిసినారి అనే కసిల్దా ఇన్నేళ్ళూ అనుకుంది.

"మరి అమ్మ..." బండి వైపు ఒకసారి చూసుకుంది. "అమ్మ తీసిందా పిన్నీ?"

చెంప ఛెళ్ళుమంటుందనుకుంది. అలా జరిగితే బాగుండేది. త్రినీ పిన్ని రొట్టెని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

"మా తమ్ముడికి వేట పిచ్చి అప్పుడు. తుపాకి, తుపాకి అని ప్రాణం తీసేవాడు. అక్కకి వాడంటే ప్రాణం." ఊపిరి వదిలింది. "నేను అడగలేదే. అడిగితే ఏం చెబుతుందోనని. మీ నాన్నని తిట్టుకుంటూ బతికాను గాని, నేనూ అడగలేదు. ఇప్పుడు ఆ మాడ్రిడ్ వాడెవడో వచ్చి అడిగి, దాన్ని పుస్తకంలో రాయాలా?"

ఆ రోజంతా షెడ్డులో కసిల్దా టమాటాలు ఏరింది. పచ్చివి ఒక పెట్టెలోకి, దోరవి ఒక పెట్టెలోకి. రెండుసార్లు కలిపేసింది. మేస్త్రి ఏదో అన్నాడు, వినలేదు. అమ్మ నడక గుర్తు తెచ్చుకోబోయింది. మూట ఎత్తుకున్న అమ్మ, నడుం ఒక పక్కకి వంచి. చొక్కాల మూట అంత బరువుంటుందా? తడి బట్టలైతే ఉంటుంది. కాని ఇచ్చిరావడానికి తీసుకెళ్ళేవి ఆరిన బట్టలే కదా. తన ఆలోచనకి తనకే ఒళ్ళు మండింది. అయినా అది ఆగలేదు. చచ్చిపోయిన అమ్మ మూటని ఆమె సాయంత్రం దాకా విప్పి చూస్తూనే ఉంది.

*

ఒల్మెదో వస్తానన్న రోజు కసిల్దా పనికి వెళ్ళలేదు. కుందేలు మాంసం పొయ్యి మీద పెట్టి, బల్ల మీద పిండి చల్లుకుని గురుయోస్ చేస్తోంది. ముద్దలోంచి చిన్న చిన్న పలుకులు తుంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బియ్యపు గింజల్లా నులిమి, జల్లెడలో రాల్చడం. వేళ్ళకి పని ఉంటే మనసు కుదురుగా ఉంటుందని మొదలుపెట్టింది. కుదురుగా లేదు.

కారు చప్పుడు వినగానే పిండి చేతులతోనే గుమ్మంలోకి వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"నాన్నకి ఒంట్లో బాగాలేదండీ. ఇవాళ కుదరదు."

"అయ్యో. ఏమైంది?"

"ముసలితనం."

"ఎప్పుడు రమ్మంటారు?"

"నేను కబురు చేస్తాను."

ఒల్మెదో ఆమె పిండి చేతులు చూశాడు, పూసల తెర చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. తల ఊపి వెనక్కి తిరగబోయాడు.

"లోపలికి రానీ," అని వినిపించింది.

హినేస్ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నల్ల కోటు వేసుకున్నాడు, పెళ్ళిళ్ళకి వేసుకునేది. బొత్తాలు ఎలా పెట్టుకున్నాడో, ఒకటి తప్పు కన్నంలో ఉంది.

"నాన్నా, నీకు..."

"నాకేం కాలేదు. పిండి ఎండిపోతోంది, పని చూసుకో." ఒల్మెదో వైపు తిరిగాడు. "ఒకటి అడుగుతాను, మీకు తెలిస్తే చెప్పండి. పోయిన రైఫిల్‌కి మడమ, అదే భుజానికి ఆనించే చెక్క, పగిలితే నేనే బాదం చెక్కతో అతుకు వేశాను. ముదురు రంగు చెక్కలో తెల్లగా కనిపించేది. అది ఆఖరిసారి నా చేతిలోనే ఉంది కాబట్టే నన్ను పట్టుకుపోయారు. ఆ అతుకు తుపాకి మీ బొమ్మల్లో ఎక్కడెక్కడ ఉందో చూపించండి. ఎవరెవరి చేతుల్లో ఉందో."

తండ్రి ముప్పై ఏళ్ళకి పైగా నోరు తెరవకుండా దాచుకున్న ప్రశ్న ఇది. చనిపోయిన మనిషి మీద ఇప్పుడు సాక్ష్యం వెతుకుతున్నాడు, పెళ్ళి కోటు వేసుకుని మరీ. కసిల్దా జల్లెడని బల్ల మీద కావాలనే గట్టిగా కొట్టింది. ఇద్దరూ తలెత్తలేదు.

ఒల్మెదో బల్ల మూల పిండి తుడిచి, బొమ్మలు పరిచాడు. ఆ మాట విన్నాక అతని కళ్ళు మెరిశాయి.

"అతుకు మీరు వేసిందా! నేను దీని గురించే అడుగుదామని వచ్చాను. ఇదిగో." మొదటి బొమ్మలో ఇంటి కప్పు మీద నలుగురు బందిపోట్లు. చివరివాడి భుజానికి ఆనించిన రైఫిల్ మడమలో తెల్లటి మచ్చ, చింతగింజంత. "ట్రిగ్గర్ పైన ఇత్తడి పెట్టె, గొట్టం కింద ముందు చెక్క. గుంపులో వేషాలవాళ్ళకిచ్చే మామూలు తుపాకి. ఇంకో మూడు చోట్ల ఉంది, అన్నీ ఇలాంటివే. నాకు అర్థం కానిది ఈ బొమ్మ."

అయిదో బొమ్మ ముందుకి తోశాడు. అందులో హీరో ఒక బావి గట్టుకి ఆనుకుని గురి చూస్తున్నాడు. చేతిలో వేరే రకం తుపాకి. గొట్టం కింద చెక్క లేదు, గుండు పోయే గొట్టం, దాని కింద తూటాల గొట్టం, రెండూ బోడిగా కనిపిస్తున్నాయి.

"ఇది హీరో తుపాకి. పాతకాలపు రకం అన్నట్టు చూపించారు. దీని మడమలో కూడా అదే మచ్చ. మడమలు మార్చారా అని మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. రాత్రి అద్దం పెట్టి చూస్తే విషయం తెలిసింది." సంచీలోంచి భూతద్దం తీసి పక్కన పెట్టాడు. "ఇక్కడ చూడండి, ఇత్తడి పెట్టె పక్కన చిన్న మూత. తూటాలు ఎక్కించేది. పాత రకానికి ఇది ఉండదు. అంటే ఇది పాతది కాదు. గుంపు తుపాకికే ముందు చెక్క ఊడదీసి, పాతదిలా వేషం కట్టారు. అప్పట్లో అలా చేసేవాళ్ళు. ఇదీ, అదీ ఒకటే తుపాకి."

అదేదో చిన్న సంగతి అన్నట్టు చెప్పాడు. కసిల్దా వేళ్ళ మధ్య పిండి పలుకు ఆగిపోయింది.

హినేస్ భూతద్దం తీసుకోలేదు. బావి గట్టు మీద వేలు పెట్టాడు.

"ఈ బావి నేను కట్టాను," అన్నాడు. "చెక్క మీద సున్నం. పొద్దున తడి ఆరకముందే హీరోని నిలబెట్టారు. హీరో తుపాకి మొరాయించిందని, తుపాకులు చూసుకునే ఇటలీ ఆయన ఇంకోటి తేవడానికి గుడారంలోకి పరిగెత్తాడు. మధ్యాహ్నానికి బావిని తగలబెట్టేశారు, సినిమాలో తగలబడాలి కదా. మళ్ళీ కట్టలేదు."

"అంటే ఈ సీన్ తీసింది ఒక్క పూటే," అన్నాడు ఒల్మెదో, రాసుకుంటూ.

"ఒక్క పూటే."

"ఏ రోజు నాన్నా?" అంది కసిల్దా.

"సాయంత్రం గార్డులు లెక్కపెట్టి, ఒకటి తక్కువ అన్న రోజు."

పొయ్యి మీద మూత ఎగిరెగిరి పడుతోంది. ఎవరూ లేవలేదు.

"గార్డులు హీరో తుపాకులు కూడా లెక్కపెట్టేవారా?" ఒల్మెదో అడిగాడు.

"లేదు. గుంపువాళ్ళవే. పెద్దవాళ్ళవి ఇటలీ ఆయన సొంత పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాడు. ఆ మధ్యాహ్నమే, చప్పుడుకి పేల్చే ఖాళీ తూటాల కోసం మాడ్రిడ్ వెళ్ళాడు."

"ఎప్పుడు వచ్చాడు?"

హినేస్ బల్ల మీద వేలు ఆన్చి రోజులు లెక్కపెట్టుకున్నాడు. "నన్ను వదిలిపెట్టిన ముందురోజు సాయంత్రం. దారిలో ఆయన లారీ కనబడిందని ఎవరో అన్నారు."

"వచ్చి, చెక్క బిగించి, తుపాకుల గూట్లో పెట్టేశాడు!" ఒల్మెదో అరచేత్తో బల్ల చరిచాడు. పిండి పైకి లేచింది. "ఎవరూ తియ్యలేదు, ఎవరూ తేలేదు! అది ఎక్కడికీ పోలేదండీ! దానికోసం గుడారాలన్నీ వెతుకుతుంటే తాళం వేసిన పెట్టెలో ఉంది. అంతే. ఈ మాట ఇవాళే బార్లో చెబుతాను చూడండి. రైఫిల్ హినేస్ అన్న నోళ్ళన్నీ మూయిస్తాను."

"చెప్పండి," అన్నాడు హినేస్.

పక్కింటివాడి మేక ఈనిందని ఎవరైనా చెప్పినా అంతకంటే ఆసక్తిగా "అలాగా" అనేవాడు. ఒల్మెదో చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. ఏదో తక్కువైందని తెలుస్తోంది అతనికి, ఏమిటో తెలియడం లేదు. కసిల్దా వైపు చూశాడు, సాయం అడుగుతున్నట్టు.

"భోంచేసి వెళ్ళండి," అంది కసిల్దా. ఇందాక గుమ్మంలో అన్న మాటలకి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "కుందేలు ఉడికింది."

"లేదమ్మా, వెళతాను. ఈ బొమ్మ ఆయన దగ్గర ఉండనివ్వండి. నాకు ఇంకోటి ఉంది."

కారు వెళ్ళిపోయింది. కసిల్దా జల్లెడలోని గురుయోస్‌ని కుండలో వేసి కలిపింది. తండ్రి వెనక నిలబడి బొమ్మ వైపు చూసింది. అతను హీరోని చూడటం లేదు, బావినీ చూడటం లేదు. బొటనవేలితో ఆ తెల్లమచ్చని రుద్దుతున్నాడు, అతుకు వేశాక నునుపు చూసుకునే వడ్రంగిలా.

"త్రినీ పిన్నికి చెప్పొస్తాను నాన్నా. ఆవిడ కూడా..." ఆగిపోయింది. పిన్నికి ఏం చెబుతుంది? అడక్కపోవడం నీదీ తప్పేనని చెబుతుందా? ఒక రోజంతా తను కూడా అదే మూట విప్పి చూసింది కదా.

"చొక్కాలేనని చెప్పింది," అన్నాడు హినేస్.

కసిల్దాతో అన్నట్టు లేదు.

"పిన్ని చెప్పింది నాన్నా, అమ్మ అన్న మాట."

"అడిగాను. చొక్కాలు అంది. నా కళ్ళలోకి చూసే అంది. చూస్తూ అబద్ధం ఎంత బాగా చెబుతోందో అనుకున్నాను."

కసిల్దా పళ్ళెంలో వడ్డించి ముందు పెట్టింది, చెంచా పక్కన పెట్టింది, రొట్టె తుంచి పెట్టింది. ఆవిరి అతని మొహానికి తగులుతోంది. చెంచా ముట్టుకోలేదు. తప్పు కన్నంలో ఉన్న బొత్తాం సరిచేద్దామని ఆమె చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి మెల్లగా పక్కకి జరిపి, తనే విప్పుకోవడం మొదలుపెట్టాడు. వంగని వేళ్ళతో చాలాసేపు పట్టింది. విప్పి, మళ్ళీ సరైన కన్నంలో పెట్టుకునేసరికి పళ్ళెంలో ఆవిరి ఆగిపోయింది.

వీధి చివర బార్లోంచి ఒక్కసారిగా పెద్ద గోల వినిపించింది. ఎవరో నవ్వారు, ఎవరో "హినేస్! ఓ హినేస్!" అని ఇంటి వైపే కేకేశారు. ఆ కేకలో ఈసారి రైఫిల్ అన్న మాట లేదు.

హినేస్ లేచాడు. కుర్చీని బల్ల కిందకి తోశాడు. కొక్కేనికి ఉన్న టోపీ తీసుకుని, దుమ్ము దులిపి, పెట్టుకున్నాడు. బార్‌కి వెళతాడనుకుంది కసిల్దా. వెళ్ళాలి కూడా. ఇన్నేళ్ళ తర్వాత ఆ తలుపులోంచి తల ఎత్తుకుని లోపలికి వెళ్ళాలి. ఆమె తెరని పక్కకి తీసి పట్టుకుంది.

అతను ఆమెని దాటి వీధిలోకి దిగాడు. బార్ వైపు తిరగలేదు. పైకి, తెల్లగోడల సమాధుల తోటకి పోయే రాళ్ళదారి వైపు తిరిగాడు. అమ్మని అక్కడ పెట్టి వచ్చిన రోజు తర్వాత ఆ దారి ఎక్కగా కసిల్దా అతన్ని చూడలేదు. వెనకాల గోల ఇంకా అతని పేరే పిలుస్తోంది. అతను ఎండలో, పెళ్ళి కోటుతో నడిచి వెళ్ళిపోయాడు.